పీట్ రోజ్‌కి చనిపోయాక తలుపు తీశారు, మరి బాండ్స్ సంగతేంటి?

సిన్సినాటి శీను:
2025 మేలో అమెరికా బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, పందెం కాసినందుకు వెలేసిన మా సిన్సినాటి రెడ్స్ జట్టు ఆటగాడు పీట్ రోజ్ పేరు నిషేధ జాబితా నుంచి తీసేశాడు కదా, శాశ్వత నిషేధం మనిషి ప్రాణంతోనే ముగిసిపోతుందట. రోజ్ పోయింది 2024 సెప్టెంబరు 30న. 1989 నుంచి 35 ఏళ్లు గుమ్మం తొక్కనివ్వకుండా ఉంచి, పోయాక రమ్మంటున్నారు. ఇక 2027 డిసెంబరులో 16 మంది కమిటీ ముందుకి ఆయన పేరు రావచ్చు, 12 ఓట్లు పడితే కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో (మేటి ఆటగాళ్ల గౌరవ మందిరం) ఫలకం. పెట్టాల్సిందే అంటాను నేను. 4,256 హిట్లు, ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఆయన వస్తువులు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి, ఫలకం మాత్రం లేదు, ఇదేం లెక్క?

పాత స్కోరర్:
శీనూ, మీ ఊరి స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది కాబట్టి నీకలా అనిపిస్తుంది. రూల్ 21 ప్రతి క్లబ్‌హౌస్‌లోనూ గోడకి అంటించి ఉంటుంది, నీ జట్టు ఆడే మ్యాచ్ మీద పందెం కాస్తే శాశ్వత నిషేధం అని. తెలిసే చేశాడు, అదీ రెడ్స్ మేనేజర్‌గా ఉండి. ఆ తర్వాత దాదాపు 15 ఏళ్లు కాదు కాదు అని బుకాయించి, 2004లో తన పుస్తకంలో ఒప్పుకున్నాడు.

సిన్సినాటి శీను:
గెలుస్తామనే కాశానన్నాడుగా, ఓడిపోవడానికి కాదు.

పాత స్కోరర్:
ఇది అందరూ అనే మాటే, కానీ కాస్త ఆలోచించు. మేనేజర్ చేతిలో పిచర్లు (బంతి విసిరేవాళ్లు) ఉంటారు. ఈ రోజు మ్యాచ్ మీద డబ్బు పెట్టాడనుకో, చెయ్యి నొప్పిగా ఉన్నవాడిని కూడా దింపాలనిపిస్తుంది, రేపటి మ్యాచ్ ఏమైతే ఏం. పైగా ఏ రోజు పందెం కాయలేదో ఆ రోజు బుకీకి నోరు తెరవకుండానే కబురు అందినట్టే కదా. రోజ్ అలా చేశాడని నేననట్లేదు, అలా అనుమానించే పరిస్థితి తెచ్చాడు, అది చాలు.

లెగ్ గ్లాన్స్:
మన హైదరాబాద్ వాళ్లకి ఇది కొత్త గొడవేం కాదు. 2000లో అజహర్ మీద బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది, 2012లో మన హైకోర్టు అది చెల్లదంది. ఆయన మాత్రం బతికుండగానే బయటపడ్డాడు.

పాత స్కోరర్:
రెంటికీ పోలిక లేదు బ్రో. అజహర్ కోర్టుకెళ్లి ఏళ్ల తరబడి పోరాడాడు. రోజ్ 1989లో తన నిషేధానికి తనే సంతకం పెట్టాడు.

కృష్ణవేణి:
మీరిద్దరూ రోజ్ దగ్గరే ఆగిపోయారు. నాకు ఒళ్లు మండేది బారీ బాండ్స్ విషయంలో. 762 హోమ్ రన్లు, ఏడు ఎంవీపీలు (ఏటా లీగ్‌లో మేటి ఆటగాడికిచ్చే అవార్డు), స్టెరాయిడ్లు వాడాడంటారు గానీ వాటికి ఒక్కసారి కూడా లీగ్ సస్పెండ్ చేయలేదు, ఏ నిషేధ జాబితాలోనూ లేడు. అయినా హాల్‌కి ఓటేసే బేస్‌బాల్ రచయితలు పదేళ్లు ఓట్లేసి 2022లో 66 శాతం దగ్గర ఆపేశారు, కావాల్సింది 75. 2025 డిసెంబరులో కమిటీ ముందుకొస్తే ఐదు ఓట్లు కూడా పడలేదు. అదే రోజు లోపలికి వెళ్లిందెవరో తెలుసుగా, జెఫ్ కెంట్, 2002లో డగౌట్‌లో తన జట్టువాడే అయిన బాండ్స్‌తో కలబడ్డ ఆ కెంటే (నవ్వాలో ఏడవాలో తెలియలేదు). 1994 ఆటగాళ్ల సమ్మెతో జనం దూరమైతే, 1998లో మెక్‌గ్వయర్ 70, సోసా 66 హోమ్ రన్లు కొట్టి వెనక్కి తెచ్చారు. అప్పుడు పండగ చేసుకుని, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు శిక్షలతో కూడిన పరీక్షలు 2004లో మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కమిషనర్‌గా ఉన్న బడ్ సెలిగ్‌కి 2017లో ఫలకం పెట్టారు. యజమానికి దండ, కూలివాడికి దండన!

సిన్సినాటి శీను:
సెలిగ్ దాకా ఎందుకు వేణి గారూ, 1919 వరల్డ్ సిరీస్‌ని డబ్బు తీసుకుని ఓడిపోయారన్న కేసులో 1921లో షూలెస్ జో జాక్సన్‌ని జ్యూరీ నిర్దోషి అంటే మర్నాడే జీవితాంతం వెలేసిన లాండిస్ కూడా హాల్‌లో ఉన్నాడు. ఆయన కమిషనర్‌గా ఉన్న 24 ఏళ్లలో మేజర్ లీగ్‌లో ఒక్క నల్లవాడూ ఆడలేదు. "శీలం" కూడా చూడాలని ఓటింగ్ నియమాల్లోనే ఉందట!

పాత స్కోరర్:
జాక్సన్ 1919 సిరీస్‌లో 12 హిట్లు కొట్టాడు నిజమే, 5,000 డాలర్లు తీసుకున్నదీ నిజమే. సరే, బాండ్స్ విషయంలో వేణి గారి మాటకి ఒప్పుకుంటాను, స్టెరాయిడ్ వేసుకున్నవాడు కూడా గెలవడానికే ఆడతాడు, ప్రేక్షకుడు చూసేది నిజమైన మ్యాచే. పందెంలో ఆ నమ్మకమే పోతుంది. 2024లో టుకుపిటా మార్కానో అనే 24 ఏళ్ల కుర్రాడిని జీవితాంతం గెంటేశారు, గాయంతో ఆడకుండా ఉన్న రోజుల్లో తన జట్టు మీద పందెం కాసినందుకు. రోజ్‌కి ఫలకం పెట్టి ఆ కుర్రాడికి ఏం చెబుతావు?

లెగ్ గ్లాన్స్:
బెట్టింగ్ కంపెనీలే లీగ్‌కి అధికారిక భాగస్వాములని చెప్తాం 😀

సిన్సినాటి శీను:
కుర్రాడి విషయం దగ్గర నా దగ్గర జవాబు లేదు, నిజంగా. అందుకే ఫలకం మీద హిట్ల కిందే "1989లో నిషేధం" అని కూడా చెక్కమంటాను. చాలా ఏళ్ల కిందట కూపర్స్‌టౌన్‌లో వేడుక జరిగే వారాంతం వెళ్లాం. హాల్‌కి కాస్త దూరంలో మెయిన్ స్ట్రీట్ మీద ఒక దుకాణంలో రోజ్ కూర్చుని డబ్బులకి సంతకాలు పెడుతున్నాడు. "బేస్‌బాల్ మీద పందెం కాసినందుకు క్షమించండి" అని బంతి మీద రాసి కూడా అమ్మేవాడాయన.

కృష్ణవేణి:
కొన్నారా మరి?

సిన్సినాటి శీను:
లేదండీ. మా ఆవిడ క్యూ చూసి ఐస్‌క్రీమ్‌కి లాక్కెళ్లింది.