జాజ్ వినేవాళ్లు మన డెల్టాలో ఎందరు? మీకు ప్రాణమైన ఆల్బమ్ చెప్పండి

లంకగట్టు (రాజోలు దగ్గర):
నాన్న ఒకప్పుడు మద్రాసు మూర్ మార్కెట్లో కొన్న ఎల్పీ అటక మీద దొరికింది. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. నెల రోజులుగా అదే తిప్పుతున్నాను, ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టేదాకా. దీని తరవాత ఏం వినాలి? రేకుల కప్పు గదికి ఎలాంటి స్పీకర్లు నప్పుతాయి? ఈ చెమ్మలో రికార్డులకు బూజు పట్టకుండా ఏం చేస్తున్నారు? ఇంకొక చిన్న సందేహం. చెల్లి శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని వింటే, మొదటి వైపు పాటలు ఫోనులో వచ్చేదానికంటే కాస్త పైశ్రుతిలో ఉన్నాయి. తప్పు నా చెవులదేనా?

ఉప్పుటేరు (కాకినాడ):
స్పీకర్లు తరవాత. ముందు బిల్ ఎవాన్స్ త్రయం ‘సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’ వినండి. 1961 జూన్ 25న న్యూయార్క్‌లో ఒక నేలమాళిగ క్లబ్బులో రికార్డు చేశారు. వాళ్లు ప్రాణం పెట్టి వాయిస్తుంటే వెనక గ్లాసులు ఖంగుమంటాయి, మాటలు వినిపిస్తాయి. బేస్ వాయించిన స్కాట్ లఫారో ఆ తరవాత పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లవాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి విన్నప్పుడల్లా ఆ గ్లాసులవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. ఆ చప్పుడు లేకపోతే మాత్రం అది ఆ రికార్డే కాదనిపిస్తుంది.

నల్లరేకు (రాజమండ్రి):
నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. నాలుగు వందల పైచిలుకు ఎల్పీలున్నాయి. లంకగట్టు గారూ, తప్పు రికార్డుది కాదు, మీ ప్లేయరుది. బెల్టు సాగిపోయి ఉంటుంది. పైగా మీ చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రి ఏరేటర్లన్నీ ఒక్కసారిగా తిరిగితే వోల్టేజి పడిపోతుంది. స్టెబిలైజరు కొనుక్కోండి. అంతేగాని ‘కైండ్ ఆఫ్ బ్లూ’కే శ్రుతి తప్పిందనడం అపచారం.

వీణతంతి (అమలాపురం):
వోల్టేజి పడితే ప్లేయరు నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. ఆయన పైకి పోయిందంటున్నారు. స్టెబిలైజర్ల కొట్టు ఏమైనా ఉందా మీకు?

నల్లరేకు:
సాగిన బెల్టు ఎటు లాగుతుందో లెక్క ఉండదు. అది రికార్డులతో సంసారం చేసినవాళ్లకు తెలుస్తుంది.

ఖండచాపు (తణుకు):
బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ పేరు ఒక్కరూ ఎత్తలేదేమిటి? అదీ 1959దే. అందులోని ‘టేక్ ఫైవ్’ మన ఖండచాపే (ఐదు లెక్కల తాళం) అంటారు కాని, వేళ్లతో లెక్కపెట్టండి. అది మూడు, రెండు. మనది రెండు, మూడు. నేను తొడ మీద తాళం వేస్తూ ఆరు నెలలు తికమకపడ్డాను.

క్లారినెట్టు (భీమవరం):
అందరూ పియానో, ట్రంపెట్టే అంటున్నారు. నా వాయిద్యం ఊసే లేదు. మాది రెండు తరాలుగా బ్యాండు మేళం. సిడ్నీ బెషే 1944లో వాయించిన ‘బ్లూ హొరైజన్’ వినండి. ఒక్కో స్వరాన్నీ తడిబట్ట పిండినట్టు పిండి వదులుతాడు. మొదటిసారి విన్నది ముహూర్తాల రోజుల్లో, యూనిఫాం తొడుక్కుంటూ. ఒక చెయ్యి తొడిగి, రెండోది తొడగడం మరిచిపోయాను. బెషేది న్యూ ఆర్లియన్స్. అక్కడ శ్మశానానికి వెళ్లేటప్పుడు బ్యాండు నెమ్మదిగా దైవగీతాలు వాయిస్తుంది, తిరుగుదారిలో హుషారు అందుకుంటుంది. మేమూ చావుకు వాయిస్తాం, పెళ్లికీ వాయిస్తాం. ఒక్కోసారి రెండూ ఒకే రోజు, అదే యూనిఫాంలో. నాకు ఆ సంగీతం పరాయిదనిపించలేదు.

నల్లరేకు:
పెళ్లి బ్యాండుకూ జాజ్‌కూ ముడిపెట్టకండి. జాజ్ అంటే మనోధర్మం. సినిమా పాటను ఉన్నదున్నట్టు ఊదడం కాదు.

క్లారినెట్టు:
ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోతే ఒకే పల్లవిని నలభై నిమిషాలు లాగాలి, పెళ్లికొడుకు మేనమామ ఇంకో నోటు తీసేదాకా. ప్రతిసారీ ఒకేలా ఊదితే ఆయన జేబులో చెయ్యి పెడతాడా? మనోధర్మం గురించి మీరు పడక కుర్చీలోంచి చెబుతున్నారు. నేను ఎనిమిది కేజీల డ్రమ్ము మోసేవాడి పక్కన నడుస్తూ చేస్తున్నాను.

క్షీరారామం (పాలకొల్లు):
మనోధర్మం మాట వచ్చాక మా ఊరి పేరు ఎత్తక తప్పదు. మాండొలిన్ శ్రీనివాస్ పుట్టింది పాలకొల్లులో, 1969లో. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పద్నాలుగేళ్లు. తరవాత గిటారు వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందం. వాళ్ల ఆల్బమ్ ‘ది బిలీవర్’ 2000లో వచ్చింది. గిటారు ఒక మాట అంటుంది, మాండొలిన్ దాన్ని పట్టుకుని అల్లరి చేస్తుంది. నా ఓటు దానికే.

వీణతంతి:
ఆయనంటే నాకూ భక్తే. కాని అది జాజ్ కాదు. ఆయన వాయించింది అక్షరాలా మన రాగం, మన గమకం. పక్కన మెక్‌లాఫ్లిన్ కూర్చున్నంత మాత్రాన పేరు మారదు.

క్షీరారామం:
ఆ మాట బెర్లిన్ వాళ్లకు చెప్పవలసింది. నలభై ఏళ్లు ఆలస్యమైంది.

ఖండచాపు:
మూడు, రెండు సంగతి ఎవరికీ పట్టలేదన్నమాట.

లంకగట్టు:
పెద్దలు మన్నించాలి. ఇవాళ కరెంటు బాగున్నప్పుడు, పగటిపూట, రెండు వైపులూ వేశాను. రెండో వైపు ‘ఆల్ బ్లూస్’ ఫోనుతో సరిగ్గా కలిసింది. మొదటి వైపు మూడూ పైనే ఉన్నాయి. అదే బెల్టు, అదే కరెంటు.

ఉప్పుటేరు:
అయితే మీ చెవులకు దండం పెట్టాలి. మొదటి వైపు మూడూ 1959 మార్చి 2న రికార్డు చేసినవి. ఆ రోజు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పితే పాట పరుగెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. రెండో వైపు ఏప్రిల్ 22 నాటిది, దానికి ఈ తెగులు లేదు. పాత ముద్రణలన్నీ ఇలాగే వచ్చాయి, 1990లలో గాని సరిచేయలేదు. ఫోనులో మీరు వింటున్నది సరిచేసినది.

నల్లరేకు:
నా దగ్గరున్నది కొత్త ముద్రణ. అందుకే నాకు తేడా కనబడలేదు. బెల్టు మాత్రం మార్చుకోండి.

వీణతంతి:
నాలుగు వందల ఎల్పీల్లో పాతది ఒక్కటీ లేదా?

ఆనకట్ట (ధవళేశ్వరం):
బూజు సంగతి నేను చెబుతాను, దెబ్బ తిన్నవాడిని. 1996 నవంబరు తుపాను నాటికి ముమ్మిడివరం దగ్గర ఉండేవాళ్లం. నీళ్లు దిగాక చూస్తే అట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ అట్ట మీదికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మోకాలు వచ్చింది. రికార్డులు మాత్రం బతికాయి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపి, మెత్తని నూలుగుడ్డతో గాడి వెంబడే తుడవండి, అడ్డంగా వద్దు. మధ్యలోని కాగితం తడవనీయకండి. ఎండలో పెట్టారో, అప్పడంలా వంగుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి.

లంకగట్టు:
ధన్యవాదాలు, ఆనకట్ట గారూ. ఇప్పుడే చెల్లి శ్రుతిపెట్టె మర కొద్దిగా పైకి తిప్పి ‘సో వాట్’ పెట్టాను. శ్రుతి అతికినట్టు కలిసింది. చెల్లి ఇప్పుడు తన పెట్టె తనకిచ్చేయమంటోంది.

క్లారినెట్టు:
మీకు మర ఉంది. నేనూ పాత రికార్డు వేసుకుని మొదటి వైపుతో కలిసి ఊదుదామని రాత్రి కూర్చున్నాను. శ్రుతి పెంచాలంటే క్లారినెట్టు బ్యారెల్ (మూతిముక్క కింది గొట్టం) లోపలికి నెట్టాలి. నాది ఇప్పటికే చివరిదాకా నెట్టి ఉంది.