తొమ్మిది నెలల పాప, మూడు నెలల్లో నాలుగు వందల గ్రాములు

ప్రశ్న (కృష్ణలంక, విజయవాడ)
మా పాప పుట్టినప్పుడు 2.7 కిలోలు. ఆరు నెలలు నిండేసరికి ఆరు కిలోలు. ఇప్పుడు తొమ్మిది నిండాయి, బరువు 6.4 మాత్రమే. చలాకీగా పాకుతోంది, తల్లిపాలు తాగుతోంది. రెండు పూటలా రాగిజావ సీసాతో పడుతున్నాను. మధ్యలో మా అత్తగారు బిస్కట్టు పాలలో ముంచి పెడతారు. ‘సన్నటి ఒళ్లు, మేనత్త పోలిక’ అంటున్నారు. అంతేనంటారా?

జవాబు 1
మా అబ్బాయీ ఇంతే. ఇప్పుడు బెంజిసర్కిల్ దాకా పరుగెత్తమన్నా పరుగెత్తుతాడు. దిగులు పడకండి.

జవాబు 2 (గుంటూరు, అంగన్‌వాడీలో చేసి విరమించాను)
పైవారి మాటతో నాకు పేచీ ఉందమ్మా. సన్నటి పిల్లయినా బరువు పట్టికలో తన గీత వెంట పైకి పోతూనే ఉంటుంది. మీ పాప గీత అడ్డం తిరిగింది. టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డు తీయండి, అందులో గులాబీ రంగు పట్టిక ఆడపిల్లలది. ఆరో నెలలో ఆరు కిలోలు హద్దులోనే ఉన్నాయి. తొమ్మిది నిండాక 6.5 లోపు ఉంటే తక్కువ బరువు కిందే లెక్క. పోలికలు పక్కన పెట్టి ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక ఆ సీసా. దాని పీకలోంచి దిగే జావలో ఉండేది నీళ్లే. అంత పిల్ల పొట్టలో పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. అది కాస్తా నీళ్లతో నిండితే ఆకలి చస్తుంది, ఒంటికి ఏమీ పట్టదు. పైగా సీసా సరిగా కడగకపోతే విరేచనాలు. ఉగ్గు చెంచాలోకి తీసి బోర్లించి చూడండి, జారకుండా అంటుకుని ఉండాలి. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పొడి కొట్టుకుని, చిక్కగా ఉడికించి, చెంచా నెయ్యి వేయండి. పూటకు అరకప్పు, రోజుకు మూడు నాలుగు సార్లు. మధ్యలో మెదిపిన అరటిపండు. తల్లిపాలు మానవద్దు. బిస్కట్లు అత్తగారినే తినమనండి!

జవాబు 3
డాక్టరును రక్తహీనత గురించి, మూత్ర పరీక్ష గురించి కూడా అడగండి. మా వాడికి జ్వరం లేకుండానే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. అది తగ్గాకే తిండి సయించింది.

ప్రశ్న అడిగినవారు
డాక్టరు దగ్గర పేరు రాయించాను. గుడ్డు పెట్టవచ్చా? ఈ బెజవాడ ఎండల్లో వేడి చేస్తుందని అత్తగారి భయం.

జవాబు 2
ఎండకూ గుడ్డుకూ సంబంధం లేదమ్మా. బాగా ఉడికించి, మెదిపి, కొంచెంతో మొదలుపెట్టండి. దద్దుర్లు, వాంతులు లేకపోతే పెంచండి. అన్నట్టు, తూకం ఎప్పుడూ ఒకే యంత్రం మీద, బట్టలు విప్పి వేయించండి.