ఒక్క తెమడ శాంపిల్‌తో ఒంట్లో ఉన్న టీబీ అంతా తెలిసినట్టేనా?

నల్లమడవాగు:
మా చిన్నాన్న గుంటూరులో మిర్చి యార్డు హమాలీ, 52 ఏళ్లు. సంక్రాంతి ముందు నుంచి దగ్గు, సాయంత్రమైతే జ్వరం. తెమడ ఇస్తే సీబీనాట్ అనే జన్యు పరీక్షలో టీబీ ఉందనీ, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగే రకమేననీ వచ్చింది. రోజూ మాత్రలు నా కళ్ల ముందే మింగాడు, ఒక్క పూట తప్పలేదు. రెండు నెలలు నిండాక చూస్తే తెమడలో ఇంకా క్రిములున్నాయి. మళ్లీ సీబీనాట్ చేస్తే ఈసారి రిఫాంపిసిన్‌కు లొంగదని రిపోర్టు. ఆసుపత్రిలో అడిగితే "మందులు సరిగా వేసుకుని ఉండడు" అనేశారు. ఆ మాటకి ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఒకే మనిషిలో వేర్వేరు రకాల టీబీ క్రిములు ఉండొచ్చని చదివాను. అదే నిజమైతే ఒక్క కప్పు తెమడ చూసి "లొంగుతుంది" అని ఎలా రాస్తారు? మిర్చి బస్తాలో పైన మంచి కాయ, అడుగున తాలు కాయ ఉంటే పైనుంచి గుప్పెడు తీసి ధర కట్టినట్టే కదా? ప్రతి రోగికీ మొదట్లోనే రెండు మూడు శాంపిళ్లు తీసి జీనోమ్ సీక్వెన్సింగ్, అంటే క్రిమి జన్యువులన్నీ చదివే పరీక్ష, ఎందుకు చెయ్యరు?

గాజుపలక:
ముందు మీ చిన్నాన్నగారికి ఈ మాట చెప్పండి. ఒక్క మాత్ర మానకపోయినా ఇలా జరగొచ్చు. ఆయన తప్పు అని తేల్చేయడానికి వీల్లేదు.

నేను టీబీ ల్యాబులో టెక్నీషియన్‌ని. ఎల్‌పీఏ అనే పరీక్షలో సన్నటి తెల్ల పట్టీ మీద అడ్డగీతలు వస్తాయి. మామూలు క్రిమి అయితే మామూలు గీతలన్నీ కనిపిస్తాయి. మందుకు లొంగనిదైతే సాధారణంగా వాటిలో ఒకటి మాయమై, కింద మ్యుటేషన్ (జన్యుమార్పు) గీత తేలుతుంది. కొన్ని పట్టీల మీద రెండూ ఉంటాయి. అంటే ఆ ఒక్క కప్పులోనే లొంగేవీ లొంగనివీ కలిసి ఉన్నాయని. దీన్ని హెటిరో రెసిస్టెన్స్ అంటారు. మొదటిసారి అలాంటి పట్టీ వచ్చినప్పుడు ఇద్దరి శాంపిళ్లు కలిపేశానేమో అని టెన్షన్‌తో మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ అవే గీతలు.

సీబీనాట్ రెండు గంటల్లో ఫలితం ఇస్తుంది, దాని విలువ దానిదే. కానీ లొంగని క్రిములు తక్కువ వాటాలో ఉంటే దానికి అందవు. కల్చర్ (క్రిముల్ని ల్యాబులో పెంచడం) మీద చేసే పాత ప్రపోర్షన్ పద్ధతిలో 100కి ఒకటి లొంగకపోయినా రెసిస్టెంట్ కిందే లెక్క. అయితే గుడ్డుతో చేసిన ఆ మాధ్యమం మీద క్యాలీఫ్లవర్ ముక్కల్లాంటి కాలనీలు లేచేసరికి వారాలు గడుస్తాయి. మొదట్లోనే లోతుగా చూడాలన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

పల్లెబాట:
నేను ఒప్పుకోను. టీబీ సూపర్‌వైజర్‌గా 14 ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను. ఇంగ్లండ్‌లో 2017 నుంచి టీబీకి సీక్వెన్సింగ్ మామూలుగా చేస్తున్నారు, నిజమే. అక్కడ ఏడాదికి వచ్చేవి కొన్ని వేల కేసులు. మన దేశంలో ఏటా పాతిక లక్షల చుట్టూ నమోదవుతాయి. ఆ డబ్బుతో, ఆ మనుషులతో ఇంకా పరీక్షే అందని వాళ్లకి ఒక్క సీబీనాట్ చేయించినా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. దగ్గుతూ దగ్గుతూ నాలుగు నెలలు ఆర్ఎంపీ చుట్టూ తిరిగి వచ్చేవాళ్లని నేను ప్రతి వారం చూస్తాను. వాళ్లకి జీనోమ్ గురించి ఏం చెప్పను?

నల్లమడవాగు గారూ, ఒకటి అడుగుతాను. మొదట్లో రెండు కప్పులు ఇచ్చారా? ఒకటి సీబీనాట్‌కి, లొంగుతుందని వస్తే రెండోది ఎల్‌పీఏకి వెళ్లాలి. మామూలు సీబీనాట్ మరో ముఖ్యమైన టీబీ మందు ఐసోనియాజిడ్ సంగతి చెప్పదు.

మైనపుగోడ:
టీబీ జన్యువుల మీద పరిశోధన చేస్తున్నాను. రెండు వేర్వేరు విషయాలు ఇక్కడ కలిసిపోతున్నాయి, విడదీయాలి.

ఒకటి, బయటి నుంచి రెండు వేర్వేరు స్ట్రెయిన్లు (క్రిమి రకాలు) ఒకే మనిషిలో చేరడం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ ప్రాంతంలో 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో 19 శాతం రోగుల్లో బీజింగ్ రకం, దానికి భిన్నమైన రకం రెండూ కలిసి దొరికాయి. అక్కడ టీబీ విపరీతం, ఒకే మనిషికి మళ్లీ మళ్లీ సోకే అవకాశం ఎక్కువ. ఆ అంకెని తెచ్చి గుంటూరుకి అంటించకూడదు.

రెండోది, సోకిన ఒకే స్ట్రెయిన్ ఒంట్లోనే చీలడం. టీబీ క్రిమి జీనోమ్ దాదాపు 44 లక్షల అక్షరాలు. సగటున రెండేళ్లకు ఒక అక్షరం మారుతుంది, అంత నెమ్మది. ఇతర బ్యాక్టీరియాల్లా పక్కదాని నుంచి రెసిస్టెన్స్ జన్యువు అరువు తెచ్చుకోదు, తనలో వచ్చిన మార్పే దిక్కు. మరి అంత నెమ్మదిదానికి రెసిస్టెన్స్ ఎలా వస్తుంది? సంఖ్యాబలంతో. ఊపిరితిత్తిలో పడిన ఒక్క గుంతలో కోటి నుంచి 100 కోట్ల దాకా క్రిములుండొచ్చు. ఐసోనియాజిడ్‌కు లొంగనిది సుమారు 10 లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు 10 కోట్లలో ఒకటి మందు వేయకముందే పుట్టి ఉంటుంది. రెండింటికీ లొంగనిది పుట్టడం అరుదు కాబట్టే మందులు కలిపి ఇస్తారు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూశారు. కోలుకున్నట్టే కనిపించిన చాలామందిలో నెలల్లోనే మొండి క్రిములు మిగిలాయి.

ఇక బస్తా పోలిక. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో టీబీ సోకి చనిపోయిన 44 మంది శరీరాల నుంచి, ఎక్కువమంది హెచ్ఐవీ ఉన్నవాళ్లే, 2,693 శాంపిళ్లు తీసి జీనోమ్ చదివారు. 2016లో ప్రచురించారు. ఒకే మనిషిలో చీలిన శాఖలు ఏళ్ల తరబడి కలిసి బతికాయి. ఒక శాఖ ఊపిరితిత్తిలో ఒకచోట, మరొకటి ఇంకోచోట. పై శ్వాసనాళం నుంచి తీసిన శాంపిల్‌లో చాలాసార్లు ఈ వైవిధ్యంలో కొంత భాగమే కనిపించింది. కాబట్టి గుప్పెడు కాయల మాట సరైనదే. కానీ ఆ గుప్పెడుని ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టినా గుప్పెడే. పైగా సీక్వెన్సింగ్ ఎక్కువగా కల్చర్‌లో పెంచాకే చేస్తారు, ఆ పెంపకంలో కొన్ని శాఖలు రాలిపోతాయి. ఒక్క కప్పుకి సీక్వెన్సింగ్ చేస్తే సమస్య తీరుతుందనడం నాకు నచ్చదు.

నల్లమడవాగు:
పల్లెబాట గారూ, ఇంట్లో కనుక్కున్నాను. రెండు కప్పులు ఇచ్చారట. రెండోది ఉమ్మి అని పక్కన పెట్టారు. మళ్లీ తెమ్మని ఎవరూ చెప్పలేదు. ఎల్‌పీఏ కాగితం మా దగ్గర లేదు.

పల్లెబాట:
ఇదే నా బాధ. మొదటి రోజే ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిములు ఉండి ఉంటే, మొదటి రెండు నెలలూ బరువంతా మిగతా మందుల మీద, ముఖ్యంగా రిఫాంపిసిన్ మీద పడి ఉంటుంది. అప్పుడు దానికి లొంగని పిడికెడు క్రిములే పైకి తేలతాయి. మీ చిన్నాన్న విషయంలో అదే జరిగిందని నేను అనలేను, ఆ కప్పు లేదు కాబట్టి. కానీ ఆ రెండో కప్పు కోసం మా వాళ్లెవరైనా ఇంటికొచ్చి, "పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి ఇవ్వండి" అని చెప్పి ఉండాల్సింది. పావుగంట పని. దానికి జీనోమ్ అక్కర్లేదు.

గాజుపలక:
పావుగంట పనే, ఒప్పుకుంటాను. కానీ ఆ కప్పు వచ్చినా, లొంగని క్రిములు కొద్దిగానే ఉంటే పట్టీ మీద కూడా గీత రాదు. అలాంటివాళ్లు రెండు నెలల తర్వాత నా బెంచీ మీదికి వస్తారు. ఈలోగా ఇంట్లో పిల్లల పక్కన పడుకుని ఉంటారు. అందరికీ చెయ్యలేకపోతే, గుంతలు పడినవాళ్లకైనా, గతంలో ఒకసారి టీబీ మందులు వాడినవాళ్లకైనా రెండు వేర్వేరు రోజుల తెమడ తీసి కల్చర్ పెట్టాలి. ఖర్చు ఎక్కువ అన్నప్పుడల్లా ఎవరి ఖర్చు అని అడగాలనిపిస్తుంది.

మైనపుగోడ:
అది నాకు సమ్మతమే. రెండు రోజుల తెమడ అనేది సీక్వెన్సింగ్ కన్నా ముందు రావాల్సిన మాట. పాత, కొత్త శాంపిళ్లు రెండూ దాచి ఉంటే సీక్వెన్సింగ్ అప్పుడు నిజంగా పనికొస్తుంది. రెండింటి మధ్య తేడా నాలుగైదు అక్షరాలే అయితే ఒంట్లోనే చీలిన స్ట్రెయిన్, వందల్లో ఉంటే బయటి నుంచి వచ్చిన వేరే స్ట్రెయిన్. "మందులు వేసుకోలేదు" అనే ముందు ఇది చూడొచ్చు.

నల్లమడవాగు:
మొదటి కప్పు దాచారేమో అడుగుతాను. రేపు పొద్దున పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. గాజుపలక గారి మాట నిన్న రాత్రి చదివి వినిపించాను. "అయితే నేను మానలేదని వాళ్లకి కూడా ఈ మాట చెప్తావా" అన్నాడు. తెల్లవారి ఐదింటికే లేచి, కప్పు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.