దాచి మోయడానికి ఏది మేలు: ఐదు తూటాల రివాల్వరా, బుల్లి నైన్ ఎంఎం పిస్టలా?

కొత్తచెయ్యి: లైసెన్సు ఉంది. ఆత్మరక్షణకు, ఒంటి మీద కనపడకుండా మోయడానికి ఒకటి తీసుకోవాలి. స్మిత్ అండ్ వెస్సన్ 642 రివాల్వర్, సిగ్ పీ365 పిస్టల్, ఈ రెండింటి దగ్గర ఆగాను. కొత్తవాళ్లకు రివాల్వరే సులువంటారు కొందరు, ఆ కాలం పోయిందంటారు ఇంకొందరు. కారణాలతో చెప్పండి.

సిలిండర్‌దాసు: 642. హామర్ (తూటాను పేల్చే సుత్తి) లోపలే ఉంటుంది కాబట్టి జేబులోంచి లాగేటప్పుడు బట్టకు తగులుకోదు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కండి, సిలిండర్ తిరిగి తర్వాతది వస్తుంది. ఇంకోటి ఎవరూ చెప్పరు: మీద పడ్డవాడి ఒంటికి పిస్టల్ మూతిని అదిమితే స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) కొద్దిగా వెనక్కి జరిగి అసలు పేలకపోవచ్చు. రివాల్వర్‌కు ఆ బెడద లేదు.

స్లయిడ్‌పక్షం: సులువు అన్నది లోడ్ చేయడం వరకే గురూ, కొట్టడంలో కాదు. 642 బరువు 420 గ్రాములకు అటూ ఇటూ. దాని ట్రిగ్గర్ లాగడానికి ఐదు కిలోల పైచిలుకు బలం కావాలి. తుపాకీ బరువుకు పదింతలకు మించి వేలితో గుంజుతుంటే మూతి కదలకుండా ఎలా ఉంటుంది? సైట్ అంటే పైన ఒక గాడి, గొట్టం రెండంగుళాలు కూడా లేదు. ఆ పొట్టి గొట్టంలో దానికి వేసే .38 హాలో పాయింట్‌కు (తగిలాక విచ్చుకునేలా మొన బోలుగా చేసిన తూటాకు) వేగం చాలక చాలాసార్లు విచ్చుకోదు. 2018లో వచ్చిన పీ365 అర కిలో బరువుతో మ్యాగజీన్‌లో పది, చాంబర్‌లో (తూటా పేలే అరలో) ఒకటి మోస్తుంది. ట్రిగ్గర్ బరువు ఇంచుమించు సగం. ఐదుతో ఆగిపోతే ఆ కంగారులో రెండోసారి నింపడం జరిగే పని కాదు.

సిలిండర్‌దాసు: ట్రిగ్గర్ మాట ఒప్పుకుంటా. కానీ పీ365 తిరిగి కొట్టే దెబ్బేమైనా తక్కువా? చిటికెనవేలికి పట్టు చిక్కదు, మణికట్టు వదులైతే ఖాళీ తొడుగు స్లయిడ్‌లో నిలువుగా ఇరుక్కుంటుంది.

స్ప్రింగుసుబ్బడు: ఇరుక్కుంటుంది, నిజమే. అడుగు నుంచి మ్యాగజీన్‌ను అరచేత్తో చరిచి స్లయిడ్ లాగితే రెండు సెకన్లలో పోతుంది. రివాల్వర్ మొరాయిస్తే మాత్రం చేతితో సరిచేసే దారి ఉండదు. రెండు చోట్ల చూడండి. ఒకటి, ఖాళీ తొడుగులను సిలిండర్‌లోంచి బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క కింద కాలని మందు రవ్వలు చేరితే సిలిండర్ మూసుకోదు. అందుకే మూతిని పైకి పెట్టి ఆ ముక్కను తోసే కడ్డీని ఒక్క దెబ్బతో కొట్టాలి, మెల్లగా నొక్కకూడదు. రెండు, తేలిక తుపాకీలో ప్రతి పేలుడుకూ మిగిలిన తూటాల గుండ్లు తొడుగులోంచి ముందుకు పాకుతాయి. ఎక్కువ పాకితే సిలిండర్‌కు అడ్డం పడి తిరగనివ్వవు. పరీక్ష సులువు: ఐదు నింపి నాలుగు కాల్చి, ఐదోదాన్ని తీసి కొత్తదాని పక్కన పెట్టి పొడవు చూడండి. పెరిగితే ఆ రకం తూటా ఆ తుపాకీకి పనికిరాదు.

కొత్తచెయ్యి: స్లయిడ్ లాగడం కష్టమని భయం.

స్ప్రింగుసుబ్బడు: బొటనవేలు, చూపుడువేలుతో చిటికె పట్టి లాగితే ఎవరికైనా కష్టమే. తుపాకీని రొమ్ముకు దగ్గరగా, మూతి సురక్షితమైన వైపు ఉంచండి. ట్రిగ్గర్ మీద వేలు వద్దు. ఎడమ అరచెయ్యి మొత్తం స్లయిడ్ మీద వేసి గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యండి. అప్పటికీ రాకపోతే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజెడ్ చూడండి, దాని స్లయిడ్ ఇంకా మెత్తన. కాస్త పెద్దది, అంతే.

తోలుపట్టీ: తుపాకీ మీదే కొట్టుకుంటున్నారు, హోల్‌స్టర్ మాట ఎత్తినవాడు లేడు! మామూలు పీ365కు చేతి సేఫ్టీ ఉండదు, కావాలంటే ఉన్న రకం అడిగి తీసుకోవాలి. ఏ రకమైనా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి కైడెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) హోల్‌స్టర్ ఉండాల్సిందే. వంగిపోయే మెత్తని గుడ్డ సంచీలు వద్దు. ప్రమాదం ఎక్కువగా తుపాకీ తిరిగి పెట్టేటప్పుడే. చొక్కా అంచు మడతపడి ట్రిగ్గర్ చట్రంలోకి దూరుతుంది, మీరు కిందికి తోస్తే అదే ట్రిగ్గర్ లాగేస్తుంది. పొట్ట ముందు పెట్టుకుంటే మూతి తొడ రక్తనాళం వైపు ఉంటుంది మరి. చొక్కా పైకెత్తి, కళ్లతో చూస్తూ, నింపాదిగా పెట్టాలి. జేబులో మోసినా హోల్‌స్టర్ తప్పదు, ఆ జేబులో తాళంచెవి కూడా ఉండకూడదు.

కొత్తచెయ్యి: కొన్నాక నమ్మేముందు ఎన్ని కాల్చాలి?

స్లయిడ్‌పక్షం: సాధనకు వాడే మామూలువి 200, మోసుకునే హాలో పాయింట్లు 50, ఒక్కటీ ఇరుక్కోకుండా. హాలో పాయింట్ ఏదంటే, మందపాటి బట్ట దాటి పరీక్ష జెల్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగేది. ఎఫ్‌బీఐ కొలత అదే. బుల్లి పిస్టల్‌లో స్ప్రింగ్ తొందరగా అలిసిపోతుంది, 2,500 తూటాల దగ్గర మార్చేయండి. రోజూ అన్‌లోడ్ చేసి అదే తూటాను మళ్లీ చాంబర్‌లోకి ఎక్కిస్తే గుండు తొడుగు లోపలికి దిగి పేలుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పొట్టిదైనట్టు కనపడితే పారేయాల్సిందే.

సిలిండర్‌దాసు: నడుముకైతే పీ365 అని నేనూ అంటాను, సరేనా. జేబులోకైతే మాత్రం మాట మార్చను. 642లో 148 గ్రెయిన్ల బరువు గుండు ఉండే వాడ్‌కట్టర్ తూటాలు వేసుకోండి: దెబ్బ తక్కువ, విచ్చుకోకపోయినా తగినంత లోతు దిగుతుంది. ముందు చదునుగా ఉంటుంది కాబట్టి తిరిగి నింపేటప్పుడు రంధ్రాల అంచుకు తట్టుకుంటుంది. కాబట్టి రెండో విడతకు మొన ఉన్నవే జేబులో ఉంచుకోండి.