చుట్టూ నీళ్లున్న పేటలో పిల్లల ఆటస్థలం ఎలా వెయ్యాలి?

మాది భావనపాడు వైపు, ఉప్పుటేరు దాటితేగానీ రాలేని చిన్న పేట. అంగన్‌వాడీలో పనిచేస్తాను. నాలుగేళ్ల కిందట దాతలిచ్చిన ఇనప జారుడుబల్లను నావ మీద తెచ్చి దింపాం. రెండు వానాకాలాలకే ఉప్పుగాలికి రేకు పొరలు పొరలుగా లేచిపోయింది. మా తోటికోడలి కూతురు జారుతుంటే అంచు తొడలో దిగింది. ఇంజక్షన్ కోసం అవతలికి వెళ్లాలంటే రేవులో గంటన్నర కూర్చున్నాం. నా కొంగు నోట్లో కుక్కుకుందిగానీ గుంట ఏడవలేదు. ఇప్పుడు మళ్లీ అలాంటిదే ఇస్తామంటున్నారు. వద్దంటే ఏటి అడగాలి? గుంటలు ఒడ్డున లాగిన పడవల మధ్యే ఆడుతున్నారు. పోటొచ్చే వేళ నాకు గుండె దడ.

బారువ నుంచి, పడవల పని చేసేవాణ్ని
అక్కా, ఇనుము వద్దే వద్దు. ఎండకు అది కాలుతుంది కూడా. పాత చెక్క నావ దొరికితే పొడుచుకొచ్చిన మేకులన్నీ పీకేసి, సగం ఇసకలో పాతండి. ఎక్కుతారు, దూకుతారు, దాక్కుంటారు. ఫైబర్ పడవ మాత్రం ఇవ్వకండి. పగిలిన అంచు నుంచి కంటికి కనపడని ముళ్లు దిగి వారమంతా దురద. పిల్లల చేతులకి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాను నేను. ఉయ్యాలకి తాటి దూలం, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు. నైలాన్ తాడు ఎండకి పొడిబారుతుంది, ఏటా మార్చాలి.

విజయనగరం, రిటైర్డ్ డ్రాయింగ్ మేస్టారు
అమ్మా, 1943లో డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ పక్కన ఎమ్‌డ్రుప్‌లో సోరెన్‌సెన్ అనే ఆయన చెక్కముక్కలు, పాత సామాన్లతో ఆటస్థలం పెట్టించాడు. కట్టించిన పార్కుల కన్నా పనికిరాని సామాన్ల మధ్యే పిల్లలు ఎక్కువ ఆడుతున్నారని గమనించి చేసిన పని అది. మీ పేటలో వలలు, తాళ్లు, చెక్కలకు కొదవేమిటి? కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు, కాయ పడుతుంది. దూకేచోట అడుగు లోతు మెత్తని ఇసక ఉండాలి. నేల చదునుకి ఉపాధి హామీలో ఆటమైదానం పని పెట్టించవచ్చేమో పంచాయతీలో అడగండి. అన్నిటికన్నా ముందు, చోటు ఎక్కడో పిల్లల్నే అడగండి.

అడిగినదాన్నే
అడిగాను మేస్టారూ. తుపాను షెల్టర్ వెనక పొన్నచెట్టు కిందకి లాక్కెళ్లారు. వేళ్ల మధ్య వామనగుంటలు తవ్వుకుని, చింతపిక్కలు దాచుకున్నారు. కొమ్మకి చిరిగిన వల ఉయ్యాల. "ఇక్కడికైతే అమ్మ కేక వినపడతాది" అంది ఆ గుంటే, మచ్చ ఉన్న కాలు ఊపుతూ. చోటు పంచాయతీదే. గ్రామసభలో పెడతాను. తమ్ముడూ, పాత నావ ఉంటే చెప్పు, మోసుకెళ్లడం మా వంతు.