అప్‌డేట్: రికార్డ్ నొక్కగానే బ్లూటూత్ సౌండ్ పాడవడం (సమస్య తీరింది)

పోయిన వారం అడిగాను కదా, డెబియన్ 13 (లినక్స్)లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి రికార్డ్ నొక్కగానే బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో తంబురా శ్రుతి పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో విన్నట్టు వస్తోందని. అమ్మ పాడే మంగళహారతులు రికార్డ్ చేస్తున్నాను, అందుకే అంత టెన్షన్ పడ్డాను. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

హెడ్‌ఫోన్స్‌లో లోపమేమీ లేదు. ఆడాసిటీలో రికార్డింగ్ డివైస్ డిఫాల్ట్‌లో ఉంది, ఆ డిఫాల్టేమో హెడ్‌సెట్ మైకు! బ్లూటూత్‌లో పాటలు వినడానికి వాడే ఏ2డీపీ ప్రొఫైల్‌లో (అంటే సౌండ్ పంపే పద్ధతిలో) స్టీరియో బాగా వినిపిస్తుంది గానీ మైకు పనిచేయదు. మైకు కావాలంటే ఫోన్ కాల్స్ కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీ ప్రొఫైల్‌కి మారాల్సిందే, అక్కడ వచ్చేది ఫోన్ కాల్ లాంటి మోనో సౌండ్. ఆ మార్పును సిస్టమ్‌లో ఆడియో డివైస్‌లను చూసుకునే వైర్‌ప్లంబర్ ప్రోగ్రామ్ తనంతట తానే చేసేస్తోంది.

పావుకంట్రోల్ అనే సౌండ్ కంట్రోల్ ప్రోగ్రామ్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్ తెరిచి ఉంచి రికార్డ్ నొక్కాను. ప్రొఫైల్ పేరు నా కళ్ల ముందే మారింది. అప్పుడు గానీ నమ్మకం కుదరలేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైకు పెట్టాను, అంతే! శ్రుతి ఇప్పుడు నిండుగా వినిపిస్తోంది.

అమ్మ తన గొంతు తను వింటూ పాడితే మాత్రం కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. బ్లూటూత్‌తో అది తప్పదు. అందుకే పాడేటప్పుడు వైరు హెడ్‌ఫోన్స్, తర్వాత వినడానికి బ్లూటూత్ వాడుతున్నాం.