హ్యాచరీ తల్లిచేపలకు డీఎన్ఏ పరీక్ష తప్పనిసరి చేయాలా?

కైకలూరు_కుర్రాడు:
బొచ్చె పిల్ల అని తెచ్చి చెరువులో వదిలాం. పెరిగాక చూస్తే కొన్నింటికి తల చిన్నది, ఒళ్లు సన్నం. బొచ్చె అనాలో శీలావతి అనాలో తెలియట్లేదు. పిల్ల అమ్మేముందు డీఎన్ఏ రిపోర్టు ఇవ్వాలని రూల్ పెడితే సరిపోదా?

గట్టుమీద_బాబాయ్:
ఎందుకయ్యా రూలు? బొచ్చె, శీలావతి కలిసి పుట్టే ఆ సంకరం కొత్తేం కాదు. బతుకుతుంది, పెరుగుతుంది. రోజూ వల లాగేవాడు చూసి చెప్పేస్తాడు. చిన్న హ్యాచరీల నెత్తిన ఇంకో ఖర్చు తప్ప ఏముంది?

మార్కర్_మాధవి:
మొదటి తరం సంకరాన్ని చాలావరకు కంటితో పట్టొచ్చు బాబాయ్ గారూ. కానీ దానికీ పిల్లలు పుడతాయి, చిక్కంతా అక్కడే. దాన్ని తల్లిచేపగా ఉంచి మళ్లీ బొచ్చెతో కలిపితే వచ్చేవి ఇంచుమించు బొచ్చెల్లాగే ఉంటాయి. బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి మధ్యనీటిలో. ఈ కలగాపులగంతో చెరువులో ఏది ఎన్ని వేయాలన్న లెక్కే తప్పుతుంది.

అలాగని తమ్ముడు అడిగే రిపోర్టునూ నమ్మను. మామూలుగా చేసేది బార్‌కోడింగ్. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదువుతారు. జాతుల్ని విడదీయడానికి బ్రహ్మాండమైన పద్ధతే. కానీ మైటోకాండ్రియా వచ్చేది తల్లి నుంచి. తల్లి బొచ్చె, తండ్రి శీలావతి అయినా రిపోర్టులో ‘బొచ్చె’ అనే ఉంటుంది. కల్తీకి ల్యాబే ముద్ర వేసినట్టు! ఇద్దరి నుంచీ వచ్చే న్యూక్లియర్ డీఎన్ఏ చూడాలి. అందులో రెండు జాతులకీ తేడాగా ఉండే చోట్లని మార్కర్లు అంటారు, మైక్రోశాటిలైట్లో ఎస్‌ఎన్‌పీలో. అదీ ఒక్క మార్కర్‌తో సరిపెట్టకూడదు. సంకరాన్ని తిరిగి బొచ్చెతో కలిపితే పుట్టిన పిల్లల్లో సగం దానికి దొరకవు. వేర్వేరు క్రోమోజోముల మీద ఐదు మార్కర్లు చూస్తే 32లో ఒకటే జారిపోతుంది.

గట్టుమీద_బాబాయ్:
లెక్క బాగుందమ్మా. గుడ్డు పగిలిన మూడు రోజులకు స్పాన్, అదే ఆ బుల్లి పిల్లల్ని, అమ్మేయాలి. మీ రిపోర్టు వచ్చేదాకా దాన్నెవరు సాకుతారు?

విత్తనం_శ్రీను:
నేను హ్యాచరీలో పనిచేస్తా. కావాలని ఎవరూ చేయరండీ. వానాకాలం హడావిడిలో బొచ్చె, శీలావతి, మోసు మూడింటికీ గుడ్లు పెట్టించే హార్మోన్ ఇంజెక్షన్లు చేసి ఒకే గుండ్రటి ట్యాంకులో వదిలేస్తారు. గుడ్లు, మిల్ట్ (మగచేప వీర్యం) నీళ్లలోనే కలుస్తాయి కదా! ట్యాంకుకి ఒకే జాతి అని కచ్చితంగా ఉంటే చాలు, పరీక్ష ఎందుకు?

మార్కర్_మాధవి:
దాంతో కొత్త కల్తీ ఆగుతుంది శ్రీను గారూ. ఇప్పటికే తల్లిచేపల్లో ఉన్నది ఎక్కడికి పోతుంది? బాబాయ్ గారూ, స్పాన్‌ని ఎవరూ ఆపక్కర్లేదు. పరీక్ష తల్లిచేపలకే, అదీ సీజన్ లేని చలికాలంలో. రెక్క చివర చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో వేస్తే చాలు, చేప చావదు. ఒంట్లో గుర్తింపు చిప్ పెడితే అదే చేపకి మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

గట్టుమీద_బాబాయ్:
తల్లిచేపలకే అయితే సరే, ఆలోచించొచ్చు. సంకరం అని తేలిన చేపని మాత్రం ఓనర్ పారేస్తాడా? పక్క హ్యాచరీకి అమ్ముతాడు.

కైకలూరు_కుర్రాడు:
శ్రీనన్నా, మీ తల్లిచేపలు ఎక్కడివి?

విత్తనం_శ్రీను:
పక్క హ్యాచరీవే.